ముందు కాలువ వెంట పైకి నడవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సర్జాపుర రోడ్డు వైపు ఉంటున్నారు. మీ కాలనీ నుంచి ముప్పై మంది ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం చెరువు గట్టు మీద చెత్త ఏరుతున్నారు. వారం తిరిగేసరికి మళ్ళీ అంతే చెత్త, అదే కంపు. చెరువులోకి వచ్చే కాలువను ఎవరో రాత్రిపూట శిథిలాలు పోసి పూడుస్తున్నారు. ఇంతలో ఒక కంపెనీ మొక్కలు నాటడానికీ, చెక్‌డ్యామ్ కట్టడానికీ డబ్బు ఇస్తానంటోంది. కోర్టుకు వెళ్ళాలా, ఆ డబ్బు తీసుకోవాలా, అసలు మీరు చేస్తున్న దాని వల్ల ఏ నదికైనా మేలు జరుగుతుందా అని అడిగారు.

నేను మదనపల్లె దగ్గరి పల్లెలో పుట్టాను. ఇరవై నాలుగేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను. నీటి గొట్టాల డిజైను నా ఉద్యోగం. 2011 నుంచి మా పేట చెరువు సంఘంలో తిరుగుతున్నాను. మొదటి రెండేళ్ళు నేనూ మీలాగే చేతికి తొడుగులు వేసుకుని సంచులు నింపాను. ఆ రెండేళ్ళలో నా నడుము నొప్పి తప్ప ఇంకేమీ పెరగలేదు. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: మీరు మంచి పనే చేస్తున్నారు, కానీ నిలబడవలసిన చోట కాకుండా అవతలి చివర నిలబడి చేస్తున్నారు.

చెరువుకు జబ్బు పైనుంచి వస్తుంది. బెంగళూరు ఊరు ఊరంతా ఒక మిట్ట మీద, సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున కూర్చుంది. నగరం మధ్య నుంచి పెద్ద నది పారదు, అందుకే ఇక్కడ నదే లేదని చాలామంది అనుకుంటారు. కానీ కురిసిన ప్రతి చుక్కా ఏదో ఒక నది పరీవాహకంలోనే పడుతుంది. మిట్టకు పడమట పడినది వృషభావతిలోకి, అక్కడి నుంచి అర్కావతిలోకి, కనకపుర దాటాక సంగమ దగ్గర కావేరిలోకి చేరుతుంది. తూర్పున పడినది కోరమంగళ–చల్లఘట్ట లోయ గుండానో, హెబ్బాళ లోయ గుండానో దక్షిణ పినాకినికి చేరుతుంది. పాత పాలకులూ, గ్రామస్థులూ ఈ వాలును చూసే గొలుసుకట్టు చెరువులు తవ్వారు. పై చెరువు నిండి అలుగు దూకితే ఆ నీళ్ళు రాజకాలువలో పడి కింది చెరువు నింపేవి. మా చిత్తూరు వైపు అలుగును మొరవ అంటారు, కన్నడిగులు కోడి అంటారు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో పక్కింటి పెద్దావిడ సంబరంగా 'కెరె కోడి బిద్దిదె' (చెరువు అలుగు దూకింది) అంటే, చెరువులో పడిన కోడిని తీయడానికి వెళ్ళబోయాను.

మీ చెరువు అలుగు దూకితే ఆ నీళ్ళు బెళ్ళందూరుకో, నేరుగా వర్తూరుకో చేరతాయి. వర్తూరు దాటాక దక్షిణ పినాకిని. అది హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్టకు, ఆ పైన కృష్ణగిరికి, సాతనూరుకు, చివరికి కడలూరు దగ్గర సముద్రానికి పోతుంది. తమిళులు తెన్‌పెణ్ణై అనేది దీన్నే. దీని తోబుట్టువు ఉత్తర పినాకిని కూడా నంది కొండల పక్కనే పుట్టి, అనంతపురం, కడప మీదుగా నెల్లూరుకు వెళ్ళి మన పెన్న అయింది. ఈ సంగతి మా సంఘంలోని నెల్లూరు మిత్రుడికి చెబితే అతను వారం రోజులు నమ్మలేదు.

ఇక చేయవలసిన పని. వచ్చే ఆదివారం సంచులు ఇంట్లో పెట్టి, చెరువులోకి నీళ్ళు వచ్చే చోటు నుంచి కాలువ వెంట పైకి నడవండి. వేసవిలోనైతే ఇంకా మంచిది. వాన లేని మార్చి నెలలో రాజకాలువ ఎండి ఉండాలి. పారుతోందంటే ఆ నీళ్ళు ఎవరివో కనుక్కోవాలి.

2013 మార్చిలో మేము నలుగురం ఇలాగే బయలుదేరాము. కిలోమీటరు దాకా కంపచెట్లు, ప్లాస్టిక్, పాత సోఫా ఒకటి. తర్వాత కాలువ గోడలో అడుగు వెడల్పు గొట్టం కనిపించింది. దాని నుంచి బూడిద రంగు నీళ్ళు సన్నగా పడుతున్నాయి. చేయి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి, బట్టల సబ్బు వాసన కొట్టాయి. తెల్లవారుజామున వెచ్చటి నీళ్ళంటే ఎవరో అప్పుడే స్నానాలు చేశారన్నమాట. గొట్టం ఎటు పోతోందో చూసుకుంటూ ఒక ప్రహరీ గోడ దాకా వెళ్ళాము. ఆ గోడ మా అపార్ట్‌మెంటుదే.

మురుగు శుద్ధి కేంద్రాన్ని, అంటే అందరూ ఎస్‌టీపీ అనేదాన్ని, నడిపే కుర్రవాణ్ణి నిలదీశాము. కుప్పం వైపు పిల్లవాడు. బిక్కమొహం వేసి, 'కరెంటు బిల్లు తగ్గించమని మీ కమిటీనే చెప్పింది కదా సార్, అందుకే రాత్రి గాలి మోటార్లు ఆపేస్తున్నాను' అన్నాడు. ఆ తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది. మురుగును తినేవి సూక్ష్మజీవులు, వాటికి ఎడతెగకుండా గాలి అందాలి. రాత్రంతా గాలి ఆపితే అవి చచ్చిపోతాయి, పొద్దున వచ్చే మురుగు పచ్చిగానే బయటికి పోతుంది. ఆదా అయిన కరెంటు ఖర్చును మేము చెరువు ఖాతాలో రాశాము. ఆదివారం ఆ చెరువు గట్టు మీదే ప్లాస్టిక్ కవర్లు ఏరాము.

ఆ తర్వాత జరిగిన సర్వసభ్య సమావేశం గురించి రాయను, ఇప్పటికీ ఇద్దరు నాతో మాట్లాడరు. ఫ్లాటుకు నెలకు రెండు వందల చిల్లర పెరిగింది, మోటార్లు మళ్ళీ తిరిగాయి. అప్పుడే పక్క కాంప్లెక్సు వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడే ముఖం వచ్చింది. వేలు చూపించే ముందు మీ ఇంటి గొట్టం ఎక్కడ తేలుతుందో చూసుకోండి. నిర్వహణ సంస్థ చెప్పిన మాట కాకుండా, మీరే ఉదయం ఆరింటికి వెళ్ళి ట్యాంకులో బుడగలు వస్తున్నాయో లేదో చూడండి. పని చేసే ఎస్‌టీపీకి తడి మట్టి వాసన ఉంటుంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది పని చేయడం లేదు.

కాలువ పూడ్చడం వేరే జబ్బు, దానికి మందు కాగితాల్లో ఉంది. మీరు తీసిన ఫోటోలు చూపిస్తే అవతలివాడు 'ఇది నా పట్టా భూమి, ఇక్కడ కాలువే లేదు' అంటాడు. అందుకని మొదట పాత గ్రామ పటం సంపాదించండి, సర్వే శాఖ ఇస్తుంది. కర్ణాటక ప్రభుత్వపు దిశాంక్ యాప్‌లో మీరు నిలబడిన చోటి సర్వే నంబరు కనిపిస్తుంది. ఆ నంబరుకు పహాణీ, అంటే భూమి రికార్డు, తీయండి. అందులో ఖరాబు అనే గడి ఉంటుంది. 'బి ఖరాబు' అని ఉంటే అది దారులకూ వాగులకూ కాలువలకూ వదిలిన ప్రజల భూమి, ఎవరి పట్టాలోనూ కలవదు. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి తహసీల్దారుకు సర్వే కోసం అర్జీ ఇవ్వండి. అర్జీకి రసీదు తీసుకోవడం మరిచిపోకండి. మా సంఘంలో రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన ఉన్నారు, రసీదు లేని కాగితాన్ని ఆయన కాగితంగా లెక్కపెట్టరు. ఆయన వల్ల గెలిచినంతగా మా ఇంజనీర్లందరి వల్లా గెలవలేదు.

'ఎండిపోయిన కాలువ, ఏం పోస్తే ఏం' అని ఎవరైనా అంటే 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం చూపించండి. అందులో ప్రవాహం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోకి నదులతో పాటు నీటి కాలువలు వస్తాయి, అవి పారుతున్నా, ప్రస్తుతానికి ఎండి ఉన్నా. 24వ సెక్షన్ కలుషిత పదార్థాలు అందులో వేయడాన్ని నిషేధించడంతో ఆగదు, ప్రవాహానికి అడ్డుపడి కాలుష్యాన్ని బాగా పెంచే వాటిని వేయడాన్నీ నిషేధిస్తుంది. ఎండిన కాలువకు కూడా చట్టం కాపలా ఉందన్న సంగతి చాలామంది అధికారులకే గుర్తుండదు, మర్యాదగా గుర్తు చేయండి.

కోర్టు సంగతి. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంది. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలే. కానీ గడువు కఠినం: వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లో వెళ్ళాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. మీరు ఎనిమిది నెలలుగా గట్టు మీద ఉన్నారు. శిథిలాలు పడటం ఎప్పుడు మొదలైందో తేదీతో రాసి ఉంచుకున్నారా? లేకపోతే ఈ రోజే రాయండి. కోర్టుకు వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ నోటు పుస్తకం మీకు ఆస్తి.

అయితే కోర్టు మీద మరీ భారం వేయకండి. 2016లో ట్రిబ్యునల్ బెంగళూరు చెరువుల చుట్టూ 75 మీటర్లు, పెద్ద రాజకాలువలకు 50 మీటర్లు ఖాళీగా వదలాలని ఆదేశించింది. మేమంతా మిఠాయిలు పంచుకున్నాము. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది, ఊరి మాస్టర్ ప్లానులో ఉన్న కొలతలను ట్రిబ్యునల్ మార్చలేదన్నది కారణం. ఆ తీర్పు తప్పని నేననను. కానీ మూడేళ్ళు ఆ మీటర్ల మీదే ఆశ పెట్టుకుని స్థానికంగా సర్వేలు చేయించుకోని సంఘాలు ఒక్కసారిగా ఒట్టి చేతులతో మిగిలాయి. సర్వే చేయించి రాళ్ళు పాతించుకున్న చోట మాత్రం హద్దు హద్దుగానే ఉంది.

నీటి పరీక్షల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే అందరూ ఇక్కడే మోసపోతారు. నీటిలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు పట్టుకుని తిరగకండి, అది మురుగును పట్టదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవండి, చిన్న కిట్లు దొరుకుతాయి. ఎప్పుడు కొలుస్తారన్నది ముఖ్యం. నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం కొలిస్తే అంకె బ్రహ్మాండంగా వస్తుంది, ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి. రాత్రి ఆ నాచే ఆక్సిజన్ పీల్చేస్తుంది. సూర్యోదయానికి ముందు కొలిచినది అసలు లెక్క. చేపలు బతకాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేల చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలినప్పుడు ఊరంతా విషం కలిపారేమో అనుకుంది. ఊపిరాడక చావడానికి విషం అక్కర్లేదు.

ఇప్పుడు కంపెనీ డబ్బు. నా సలహా ఏమిటంటే, వాళ్ళు ఇస్తామన్న పనికి కాకుండా మీకు కావలసిన పనికి ఇస్తే తీసుకోండి. మొక్కలు, బెంచీలు, నడక దారి, పేరు రాసిన పలక, వీటి మీద వాళ్ళకు మోజు ఎక్కువ. చెరువు చుట్టూ గట్టు ఎత్తి, రాళ్ళు పేర్చి, మధ్యలో గిన్నెలా తవ్వేసిన 'అభివృద్ధి' ఈ ఊళ్ళో ఎన్నో చోట్ల చూశాను. గట్టు చుట్టూ వస్తే వాన నీళ్ళు లోపలికి రావు. అంచులు నిటారుగా కోస్తే కొంగలు నిలబడే లోతులేని నీళ్ళు ఉండవు, జమ్ము పెరగదు. ఆ జమ్మే మురుగును కొంత వడగట్టేది. జక్కూరు చెరువులో శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్ళను మొదట అలాంటి చిత్తడి నేల గుండా పంపి తర్వాత చెరువులోకి వదులుతారు, ఒకసారి వెళ్ళి చూసి రండి. మీ పక్కనే ఉన్న కైకొండ్రహళ్ళి చెరువు కూడా చూడండి, నివాసితులూ నగరపాలక సంస్థా కలిసి పని చేస్తే ఏమవుతుందో తెలుస్తుంది. కంపెనీ వాళ్ళను చిత్తడి నేలకూ, కాలువ నోటి దగ్గర చెత్త పట్టే జల్లెడకూ, ఏడాది పొడవునా కాపలాదారు జీతానికీ ఒప్పించండి. జీతం అనగానే సగం మంది కంపెనీ వాళ్ళు ఫోను ఎత్తరు, పోనివ్వండి.

చెక్‌డ్యామ్ విషయంలో ఇంకాస్త జాగ్రత్త. అర్కావతి కథ దీనికి పాఠం. 1933లో కట్టిన తిప్పగొండనహళ్ళి జలాశయం ఒకప్పుడు బెంగళూరుకు నీళ్ళిచ్చింది, తర్వాత దానిలోకి వచ్చే నీళ్ళు ఏటేటా తగ్గిపోయాయి. వానలు తగ్గాయని అందరూ అనుకున్నారు. ఇక్కడి ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు 2015లో ప్రచురించిన అధ్యయనంలో వానల్లో అంత తేడా లేదని తేలింది. బోరుబావులు భూగర్భ జలాన్ని లాగేయడం, పొలాల్లో నీలగిరి తోటలు వేయడం ముఖ్య కారణాలుగా కనిపించాయి. వాగుల మీద అడుగడుగునా కట్టిన అడ్డుకట్టలు కూడా కొంత కారణం. అంటే మంచి ఉద్దేశంతో కట్టిన చెక్‌డ్యామ్ కింది ఊరి నీటిని పై ఊళ్ళో ఆపేయవచ్చు. నీలగిరి నాటడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లో నిషేధించింది. మీ కంపెనీ మొక్కల జాబితాలో ఏమున్నాయో ఒకసారి చూడండి, నవ్వుకోవలసి రావచ్చు.

కాలువ వెంట పైకి నడిచాక, ఒక్కసారైనా కిందికి కూడా వెళ్ళండి. ఇది మన తెలుగువాళ్ళకు సులువు, ఎందుకో చెబుతాను. బెళ్ళందూరు ప్రాంతంలో శుద్ధి చేసిన నీటిని కోలారు జిల్లా చెరువులకు పంపే పథకం ఉంది, రోజుకు 44 కోట్ల లీటర్లు దాని లక్ష్యం. 2018 జూన్‌లో మొదటిసారి నీళ్ళు వెళ్ళాయి. కొద్ది వారాలకే అక్కడి లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది, హైకోర్టు కొంతకాలం సరఫరా ఆపించింది, తర్వాత మళ్ళీ మొదలైంది. రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కూడా చేసి పంపండి అన్నది అక్కడి రైతుల పాత కోరిక. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. హోసూరు చుట్టుపక్కల కూడా అంతే. మీరు బాత్రూములో పోసిన నీళ్ళు వాడే మనిషి మీ భాషే మాట్లాడతాడు.

అలా వెళ్ళినప్పుడు కోలారు తాలూకాలో ఒక పల్లెలో నీరుగంటి వంశానికి చెందిన పెద్దాయన కలిశారు. చెరువు తూము తెరిచి ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసే వృత్తి వాళ్ళది. ఎండిన చెరువు పదేళ్ళ తర్వాత నిండిందని ఆయన సంతోషంగానే ఉన్నారు. బోర్లలో నీళ్ళు పైకి వచ్చాయన్నారు. కానీ తూము రాతి మీద తెల్లగా కట్టిన పొరను గోటితో గీకి నా అరచేతిలో పెట్టారు. 'మా నాయన ఈ తూము నీళ్ళు దోసిట పట్టి తాగేవాడు. నేను కాళ్ళు కడుక్కోవడానికి కూడా ఆలోచిస్తున్నాను. మీరు ఊళ్ళో ఏం కలుపుతున్నారు నాయనా?' అని అడిగారు. నిందగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గరున్నది మా కాంప్లెక్సు లెక్క ఒక్కటే, అదే చెప్పాను: సబ్బు పొడి, ఫినాయిలు, ఒకప్పుడు నా సంతకం.

ఆ తర్వాత మా సంఘంలో ఒక అలవాటు పెట్టుకున్నాము. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, దీపావళి తర్వాత ఒకసారి, కింది ఊళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురు రైతులను పిలిచి మా ఎస్‌టీపీ చూపిస్తాము. కమిటీ మారినప్పుడల్లా కరెంటు ఆదా చేయాలన్న ఆలోచన మళ్ళీ పుడుతుంది. ఆ నీళ్ళతో టమాటా పండించే మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఆ మాట ఎవరి నోటా రాదు. బెళ్ళందూరు చెరువు 2017 ఫిబ్రవరిలోనూ, 2018 జనవరిలోనూ తగలబడినప్పుడు టీవీల వాళ్ళు వచ్చారు, రెండోసారి ఆర్పడానికి సైనికులు దిగారు, నెల తర్వాత అందరూ మరిచిపోయారు. ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి వచ్చే రైతును మరిచిపోవడం అంత తేలిక కాదు.

మీ చెరువులో చేపలు పట్టుకునేవాళ్ళూ, గట్టు మీద గడ్డి కోసుకునేవాళ్ళూ ఉంటే వాళ్ళను తరిమేయకండి. కొత్త సంఘాలు మొదట చేసే తప్పు ఇదే. కంచె వేసి, గేటు పెట్టి, నడకకు వచ్చేవాళ్ళకే తాళం చెవి ఇస్తారు. శిథిలాలు పోసే టిప్పరు రాత్రి పదకొండు దాటాక వస్తుంది, ఆ వేళ మీరు నిద్రపోతుంటారు. తెల్లవారుజామున వల వేసేవాడికే ఏ బండి ఏ పక్క నుంచి వచ్చిందో తెలుస్తుంది. మా దగ్గర బండి నంబరు రాసిచ్చింది గడ్డి కోసే ఆవిడే, ఆవిడకు చదవడం రాదు, అంకెలు మాత్రం బొమ్మలాగా గీసి ఇచ్చింది.

వచ్చే ఆదివారానికి మీతో నలుగురు చాలు, ముప్పై మంది వస్తే గుంపు చూసి గేట్లు మూసేస్తారు. ఐదున్నరకు బయలుదేరండి. పొడవు చేతుల చొక్కా, అడుగున మందంగా ఉన్న బూట్లు, కొలత టేపు, తేదీ కనిపించేలా ఫోటోలు తీసే ఫోను, దిశాంక్ పెట్టుకున్న ఇంకో ఫోను. గొట్టం కనిపించిన ప్రతి చోటా సర్వే నంబరు, నీటి రంగు, వెచ్చగా ఉందా చల్లగా ఉందా రాసుకోండి. శిథిలాలు పోసిన చోట కాలువ వెడల్పు రెండు చోట్ల కొలవండి, పూడిన చోట ఒకటి, పైన పూడని చోట ఒకటి. ఆ రెండు అంకెలూ, గ్రామ పటం ఫోటో ఇక్కడే పెట్టండి, తహసీల్దారుకు ఇవ్వవలసిన అర్జీ ముసాయిదా నేను రాసి ఇస్తాను. మీ ఎస్‌టీపీ మోటార్ల కరెంటు రీడింగు కూడా పెట్టండి, రాత్రిదీ పగటిదీ విడివిడిగా.